వంటింటి గోడ పేరుతో కోత

కర్నూలులో మా మేడమీద మూడేళ్లు ఒక టైలరు కుటుంబం అద్దెకుంది. కోయిలకుంట్ల నుంచి వచ్చిన ముస్లింలు. భర్త బట్టలు కుట్టేవాడు, భార్య కాజాలు తీసేది. అద్దె ఏ నెలా ఆలస్యం చేయలేదు. ఖాళీ చేసిన రోజు నేను పైకెళ్లి చూస్తే వంటింట్లో పొయ్యి వైపు గోడంతా జిడ్డు, మసి. ఆ పక్క గోడకు సున్నం పొరలు పొరలుగా లేచి నల్లగా బూజు పట్టింది. కిటికీ అద్దం ఒకటి పగిలింది.

అడ్వాన్సు పదివేలలో ఆరువేలు శుభ్రం చేయించడానికి, సున్నానికి పట్టుకుంటానని చెప్పాను. సామాన్లెక్కించిన ఆటో కింద ఎదురుచూస్తోంది. టైలరు తల వంచుకుని, పోనీలెమ్మని భార్యతో మెల్లగా అన్నాడు. ఆమె కదల్లేదు. తాళంచెవులు ఆమె గుప్పిట్లోనే ఉన్నాయి.

గంటసేపు ఆగితే తానే కడుగుతానంది. కడిగితే పోయేది కాదన్నాను. ఆమె భర్తను కిందికి పంపి, కట్టేసిన సామాన్లలోంచి బకెట్టు, పీచు, సబ్బుపొడి తెప్పించింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. దిగి వెళ్లిపోతే ఓడిపోయినట్టవుతుందనిపించింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఆమె కొంగు దోపుకుని రుద్దుతూనే ఉంది.

పొయ్యి వైపు గోడ తేటపడింది. పక్క గోడకు పీచు తగలగానే అరచేయంత పెచ్చు ఊడిపడింది. లోపలి ఇటుక తడిసి ఉంది. వాన పడి రెండు నెలలు దాటింది.

ఆమె చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"మసి మాది సార్, కడిగినా. ఈ నీళ్లు మీ ట్యాంకు పైపువి. ఇప్పుడు కూడా కారతాండాది చూడండి. పోయిన ఎండాకాలమే రెండు తూర్లు చెప్తిని మీకు. చూస్తామంటిరి."

నిజమే. గోడ పగలగొట్టాలని ప్లంబరు చెప్పినప్పుడు ఖర్చుకు జంకి ఊరుకున్నది నేనే. ఆరువేలు పట్టుకుంటానన్నప్పుడు ఆ సంగతి మరిచిపోయానని చెప్పుకోవచ్చు. కానీ మరిచిపోలేదు. అద్దం సంగతేమిటని అడగబోయి నోరు మూసుకున్నాను.

పదివేలూ తీసి ఇచ్చాను. ఆమె లెక్కపెట్టుకుని ఒక ఐదువందల నోటు వంటగట్టు మీద పెట్టింది. అద్దం వాళ్ల పాప పగలగొట్టిందట.

వద్దమ్మా అన్నాను.

"ఉండనీండి సార్. రేపు యాడన్నా ఎదురుపడితే మేము తల దించుకోకూడదు."

తాళంచెవులు నోటు పక్కన పెట్టి దిగిపోయింది. టైలరు మాత్రం వెళ్తూ నాకు నమస్కారం పెట్టాడు. నేను చేయెత్తేలోపే ఆటో కదిలింది.

మర్నాడే గోడ పగలగొట్టించాను. పైపు తుప్పుపట్టి చీలి ఉంది. తప్పయిందని చెబుదామని ఆమెకు ఫోన్ చేయబోయి రెండుసార్లు ఆగిపోయాను. ఇప్పటికీ చెప్పలేదు.