పరుశురాం తోలు గ్లవ్స్

పరుశురాంకు ఉన్నది ఒకటే పిచ్చి, పాత బేస్‌బాల్ గ్లవ్స్. ఆ ఆట అతను ఆడలేదు, ఎలా ఆడతారో కూడా సరిగా తెలియదు. ఆదివారం పాత సామాన్ల బజారులో, విదేశీ బట్టల మూటలోంచి జారిపడ్డ ఒకదాన్ని కొన్నాడు. ఆరేళ్లలో అవి పదకొండయ్యాయి. గుజరాత్‌లో మరమగ్గాల మిల్లులుండే భేస్తాన్‌లోని అతని గదిలో వంటగిన్నెలు మాత్రం నాలుగే.

మిల్లులో అతని పక్క మగ్గం నడిపే సాంబయ్యకు ఆ గ్లవ్స్ చరిత్రంతా వద్దన్నా కంఠతా వచ్చేసింది. మొదట్లో వాటికి వేళ్లే ఉండేవి కావట. జనం నవ్వుతారని ఒంటిరంగు తోలుతో కుట్టించుకునేవారట. తరవాత లోపల మెత్త వచ్చింది, ఆ తరవాత బొటనవేలి పక్కన తోలు వల వచ్చింది. పరుశురాం ఇది పెళ్లిళ్లలో చెప్పాడు. ఒకసారి శ్మశానంలో, చితి అంటుకునేలోపు కూడా చెప్పాడు.

జూన్‌లో సాంబయ్య కుడిచేతి చివరి రెండు వేళ్లు మగ్గం పళ్లచక్రాల్లో నలిగి తెగిపోయాయి. గాయం మానినా ఆ చోట దారం తగిలితే చాలు, ప్రాణం పోయినట్టుండేది. చేతికి తువ్వాలు చుట్టుకుని గడప దాటడం మానేశాడు. ఇక మిల్లుకు పోలేనని భార్య సమ్మక్కతో అన్నాడు.

పరుశురాం రోజుకో గ్లవ్ తెచ్చి, జర తొడిగి చూడమనేవాడు. నాలుగు రోజులు విసుక్కుంటూనే తొడిగి తీసిన సాంబయ్య, అయిదో రోజు దాన్ని వాకిట్లోకి విసిరికొట్టాడు.

"వేళ్లు వోయినోనికి గ్లవ్ ఏందన్నా? జర సోయి ఉండాలె," అంది సమ్మక్క.

పరుశురాం తలవంచుకుని గ్లవ్ ఏరుకుని వెళ్లిపోయాడు. పదిహేను రోజులు కనిపించలేదు.

మళ్లీ వచ్చినప్పుడు చేతిలో చిన్న తొడుగు ఉంది. బొటనవేలికీ, దాని పక్క రెండు వేళ్లకూ మాత్రమే దారి. పోయిన వేళ్ల చోట మందంగా మెత్త. రోజూ తొడగమన్నది కొలత కోసమని సాంబయ్యకు అప్పుడు తెలిసింది. తోలును కూడా గుర్తుపట్టాడు. తడిచేత్తో ఎవరినీ ముట్టనివ్వని, అన్నిటికన్నా పాత గ్లవ్ అది.

"కోసినవా?"

"కోసిన. కొత్త తోలు గట్టిగుంటది, నీకు గుచ్చుకుంటది. గిది ఎవడో ఏండ్లకేండ్లు తొడిగి మెత్తగ జేసిండు."

సాంబయ్య తొడుక్కుని, భయంభయంగా గోడకు తాకించాడు. నొప్పి లేదు. కాస్త గట్టిగా కొట్టాడు. లేదు. ఇంకా గట్టిగా మూడోసారి కొట్టేసరికి పక్కింటి గుజరాతీ ముసలమ్మ ఎవరో తలుపు తట్టారనుకుని తీసింది. ఖాళీ వరండాను అటూ ఇటూ చూసి, ఎవరో దాక్కున్నారని తిట్టడం మొదలుపెట్టింది.

లోపల ముగ్గురూ నవ్వు ఆపుకోలేక నోళ్లు మూసుకున్నారు.