కెటిల్లో ఉడికిన క్లారినెట్

సౌదీలోని జుబైల్లో మా గదికి ఒకటే క్లారినెట్, ఊదే నోళ్లు రెండు. ఒకటి అనంతపురం ఫిట్టరుది. ఊళ్లో బ్యాండు మేళంలో వాయించి వచ్చినవాడు. రెండోది అతని దగ్గర నేర్చుకుంటున్న నాది. తను ఊదడం అయ్యాక ఫిట్టరు మౌత్‌పీసును లుంగీ అంచుతో ఒక్క తుడుపు తుడిచి, కళ్లకద్దుకుని నాకిచ్చేవాడు. శుభ్రత అంతటితో సరి.

ఆ వారం అతనికి గొంతునొప్పి. హేతువాద సభల్లో వాదించి పెరిగిన నాకు ఇంతకన్నా ఏం కావాలి?

"కళ్లకద్దుకుంటే క్రిములు దండం పెట్టి పోతాయా?" అన్నాను.

"మా నాయన కాలం నుంచీ ఇట్లేనన్నా. ఎవురూ సావలేదు."

"చావకపోవడం ఆధారం కాదు."

"ఆధారాలు నీకాడే పెట్టుకో. పీసు మాత్రం జాగర్త. శుక్రవారం వాయించల్ల."

శుక్రవారం మా మెస్సు వంటమనిషికి వీడ్కోలు. కరీంనగర్ పెద్దాయన. ఏళ్ల తరబడి మాకు వండిపెట్టాడు. ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపే ఫైనల్ ఎగ్జిట్ పడింది. పోయేముందు క్లారినెట్ మీద బతుకమ్మ పాట వినాలన్నాడు. మా దగ్గర ఆయన అడిగింది అదొక్కటే.

గురువారం ఫిట్టరు డ్యూటీ నుంచి వచ్చేలోగా మౌత్‌పీసును కెటిల్లో వేసి స్విచ్ నొక్కాను. అది ఆగినప్పుడల్లా మళ్లీ నొక్కాను. మరిగే నీళ్లలో క్రిములు బతకవు, అది సైన్సు. ఆ నల్లటి వస్తువును దేనితో చేశారో కనుక్కోకపోవడం మాత్రం సైన్సు కాదు. గంధకం కలిపిన గట్టి రబ్బరట. గదంతా గంధకం కంపు. వంటమనిషి తలుపులోంచి తొంగిచూశాడు.

"తమ్మీ, గుడ్లు మురగవెట్టినవా ఏంది?"

బయటికి తీస్తే నలుపు పోయి పాచిరంగు తేలింది. ఫిట్టరు వచ్చి, దానికి రీడు, అంటే పలచటి రెల్లు బద్ద, బిగించి ఊదాడు. బుస్సుమని గాలి తప్ప ఏమీ రాలేదు.

"పురుగులు సచ్చినాయన్నా. పాట గూడా సచ్చింది."

"పోనియ్యుర్రి, పాటదేముంది," అంటూ వంటమనిషి తల దించుకున్నాడు.

ఫిట్టరు మాత్రం ఊరుకోలేదు. రీడు కూర్చునే చోట స్టీలు స్కేలు ఆనించి, వెలుతురుకెత్తి సందు చూశాడు.

"వంగింది. వాల్వు సీటు మాదిరి ల్యాప్ చేసి, సదునుగా రుద్దితే సరి."

గడ్డం గీసుకునే అద్దాన్ని బల్లమీద పరిచి, దానిపై సన్నటి ఎమరీ పేపరు వేసి, నీళ్లు చల్లాడు. రెండు రుద్దులు, ఒక చూపు. అద్దం కదలకుండా పట్టుకోవడం నా పని.

"కదిలించొద్దన్నా. వాదించొద్దు గూడా."

శుక్రవారం దాకా నేను చదివిందొక్కటే, మౌత్‌పీసు కడిగే పద్ధతి. రీడు విడదీయాలి. గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్షు, ఆపై బాగా ఆరబెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరిది వాళ్లకుండాలి. ఆ మాట మీద నేను ఇప్పటికీ వెనక్కి తగ్గను. ఆ తర్వాత నాకోసం వేరే మౌత్‌పీసు తెప్పించుకున్నాను కూడా.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫిట్టరు నేను చెప్పినట్టే కడిగాడు, ఆరనిచ్చాడు. తర్వాత, నావైపే చూస్తూ, కళ్లకద్దుకున్నాడు. నేను నోరు తెరిచాను.

"తమ్మీ, నువ్వు జర నోరు మూస్తే నేను పాట వింట," అన్నాడు వంటమనిషి.

పాట మొదలైంది. ఆయన లేచి, చప్పట్లు కొడుతూ వంగి లేస్తూ గదిలోనే చుట్టు తిరిగాడు. మధ్యలో ఒక స్వరం కీచుమంది.

"ఆ కీచు మాత్రం మా అన్నది," అన్నాడు ఫిట్టరు ఊపిరి తీసుకునే సందులో. వంటమనిషి చప్పట్లు ఆపలేదు.