చైనా చీటీ

ఆ ఆదివారం టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టి చీటీ తీస్తే నాకు చైనా వచ్చింది. ఎగిరి గంతేయబోయి, బడిపంతులమ్మనని గుర్తొచ్చి ఆగాను. రెండేళ్ళుగా నాకు పడ్డవన్నీ చిన్నాచితకా దేశాలే. నేను గొంతు సవరించుకునేలోపే పెద్ద దేశాలవాళ్ళు చర్చ ముగించి చాయ్ తాగేవారు. ఇంతదూరం కోదాడ నుంచి సూర్యాపేటకు బస్సులో ఊగుతూ వచ్చేది పక్కవాళ్ళ గొంతు వినడానికా?

ప్రపంచ సంగతులు మాట్లాడుకునే మా బృందం ఒక ఆదివారం సూర్యాపేటలో, ఒకసారి కోదాడలో, మరోసారి మిర్యాలగూడలో కలుస్తుంది. నియమం ఒక్కటే. ఏ దేశం చీటీ వస్తే మధ్యాహ్నం దాకా మనమే ఆ దేశం. నచ్చినా నచ్చకపోయినా దాని తరఫున ‘నేను’ అనే మాట్లాడాలి. సూర్యాపేటలో మాకు కుట్టుమిషన్ల శిక్షణ హాలు ఇస్తారు. మిషన్లను గోడవారకు జరిపి కుర్చీలు వేసుకుంటాం.

ఆ రోజు విషయం యూరియా. వేరే విషయం ఎలా దొరుకుతుంది? పక్కనే ఎరువుల దుకాణం. లారీ వచ్చిందని తెలిసి తెల్లారేసరికే రోడ్డు పొడుగునా చెప్పుల వరుస. చెప్పులను లైన్లో పెట్టి మనుషులు మా హాలు నీడన కూర్చున్నారు.

ఇండియా చీటీ మిర్యాలగూడ రైస్ మిల్లు మేనేజరుకు పడింది. ఆయన లేస్తూనే నా మీద విరుచుకుపడ్డాడు. “నాట్లు పడ్డ అదును చూసి ఎగుమతి ఆపుతావా? ఇదేం న్యాయం?” అన్నాడు. నేనూ తగ్గలేదు. “నా రైతులకు సరిపోకుండా నీకెందుకివ్వాలి?” అని బల్ల చరిచాను. చరిచింది బల్ల కాదు, కుట్టుమిషను. చెయ్యి చురుక్కుమన్నా పట్టించుకోలేదు. అంత హుషారులో ఉన్నాను.

అప్పుడు కిటికీ అవతల నుంచి ఒకామె నన్ను పిలిచింది. యాభై ఏళ్ళుంటాయి, చేతిలో పొలం పాస్‌బుక్కు. “ఏమమ్మా, చైనా నువ్వేనా?”

నేనే అన్నాను.

“మాది మోతె దిక్కు. వరి పసుపు పడ్డది. ఒక్క బస్తా దొరికితే చాలు. ఎందుకు ఆపినవ్?”

నియమం నియమమే. “ముందు నా రైతులకు సాలాలె గదమ్మా” అన్నాను.

“గది నిజమే. నా మడి పారినంకనే పక్కోని మడికి నీళ్ళిడుస్త నేను గూడ.” తర్వాత ఆమె మేనేజరు వైపు తిరిగింది. “మరి సారూ, పక్కోడు నీళ్ళిడుస్తడని నమ్ముకొని నారు వోసినవా నువ్వు?”

హాలంతా చప్పట్లు. మా అధ్యక్షుడు, రిటైరైన హెడ్మాస్టారు, తానే బయటికి వెళ్ళి ఆమెను లోపలికి తీసుకొచ్చి తన కుర్చీ ఇచ్చాడు. నాకైతే పూనకమే వచ్చింది. ప్రశ్న మీద ప్రశ్న వేశాను. పక్కవాడు మాట తప్పితే ఏం చేస్తావంటే, “తప్పకముందే ఇంకొకల తోటి మాట్లాడి పెట్టుకుంట. ఒక్క కాలువనే నమ్ముకుంటె ఎట్ల?” అంది. “నేను ముప్పై ఏండ్లు జెప్పిన పాఠం రెండు ముక్కలల్ల జెప్పింది” అని హెడ్మాస్టారు మురిసిపోయాడు.

మధ్యలో ఆమె రెండుసార్లు లేచింది. “జర లైన్ సూసొస్త.” రెండుసార్లూ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది నేనే. “ఐదు నిమిషాలమ్మా, అంతే” అన్నాను.

బయటికి వచ్చేసరికి లారీ ఖాళీ. ఆమె చెప్పులు ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయి. వెనకవాళ్ళు దాటుకుని ముందుకు పోయారు. “ఖతం, రేపు రాండ్రి” అంటూ దుకాణం షట్టర్ దించారు. ఆమె “రేపొస్త తీ” అని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని బస్టాండుకు వెళ్ళిపోయింది. లోపల నా చైనా అద్భుతమని మెచ్చుకుంటున్నారు. నాకు సిగ్గేసింది. నా ముచ్చట కోసం ఆమె బస్తా పోగొట్టాను.

మర్నాడు బడికి సెలవు పెట్టి కోదాడలో చీకటితోనే మొదటి బస్సెక్కాను. లైన్లో ఏడో స్థానంలో నా చెప్పులు పెట్టి పక్కనే నిలబడ్డాను. “టీచరమ్మా, ఎన్నెకరాలు నీకు?” అని ఒకాయన వేళాకోళమాడాడు. గుంట భూమి కూడా లేదన్నాను.

ఆమె వచ్చేసరికి వరుస మలుపు దాటిపోయింది. చివరికి నడవబోతుంటే కేకేసి పిలిచాను.

“నువ్వెందుకొచ్చినవ్?” అంది.

“నీ జాగ ఆపిన. పాస్‌బుక్కు తెచ్చినవా?”

ఆమె నా వట్టికాళ్ళ వైపు చూసింది. నా చెప్పులు తీసి నా ముందు పెట్టి, ఆ జాగాలో తన చెప్పులు పెట్టింది. మేం పక్కనే నిలబడి లైను జరిగినకొద్దీ జరిగాం. ఎండ ఎక్కకముందే బస్తా దొరికింది. చెరొక కొస పట్టుకుని ఆటో దగ్గరికి మోస్తుంటే, లైన్లో ఉన్న ఒకతను ఆమెను అడిగాడు. “ఎవరామె? మీ సుట్టమా?”

“కాదు, చైనా” అంది ఆమె, నవ్వకుండా. “నిన్న ఆపింది, ఇయ్యాల ఇడిసింది.”