సవానాలో ఫ్యామిలీ భోజనం

పరాయి ఊళ్ళో, పరాయి బల్ల దగ్గర, నోటినిండా బెండకాయ వేపుడుతో పరువు పోగొట్టుకున్న తెలుగువాడెవరైనా ఉన్నాడా అని మీరు వెతుకుతుంటే, ఇంక శ్రమపడకండి. నేనున్నాను.

అప్పటికి మాకు పెళ్ళై కొత్త. లాంగ్ వీకెండ్‌కి అమెరికాలో మేముండే మోరిస్‌విల్ నుంచి దక్షిణాన ఉన్న సవానా ఊరికి బయల్దేరాం. అక్కడ పాతకాలపు ఇంట్లో నడిచే భోజన హోటలొకటి ఉందని ఆఫీసులో శ్రీకాంత్ ఊరించాడు. "ఫ్యామిలీ స్టైల్ రా మామా! మెనూ ఉండదు. తెలియనోళ్ళతో ఒకే టేబుల్ షేర్ చేసుకోవాలి. గిన్నెలు పాస్ చేస్తుంటారు. సిగ్గుపడ్డావనుకో, పస్తే!"

కొత్త తిండి అంటే నాకు కుతూహలం ఎక్కువ, సిగ్గు తక్కువ. కారు పార్క్ చేసి వస్తానని మా ఆవిడ ప్రణతి నన్ను వీధి మొదట్లో దింపింది. "నువ్వెళ్ళి లైన్‌లో నిలబడు. ఇంకేం చెయ్యకు," అని మరీ చెప్పింది.

నేను లైను కోసం చూడలేదు. ముక్కు చూపిన దారిన పోయాను. పెద్ద వరండా ఉన్న ఇల్లు, తెరిచిన తలుపులు, లోపలినుంచి వేయించిన కోడి వాసన. గుమ్మంలో గులాబిరంగు టోపీ పెట్టుకున్న ఒకావిడ నన్ను పైనుంచి కింద దాకా చూసి, "ఫ్యామిలీయా, హనీ?" అంది.

"ఎస్ మేడమ్! ఫ్యామిలీ!"

"అయితే గుమ్మంలో నిలబడతావేం?" అంటూ కావలించుకుంది.

హోటల్లో కౌగిలింత! సర్వీసంటే ఇదీ అనుకున్నాను.

లోపల పొడవాటి బల్ల. పోపు మరిచిపోయిన ఉప్మాలా గ్రిట్స్ అనే మొక్కజొన్న జావ, తేనె రాసిన రొట్టెలు, బెండకాయ వేపుడు, గిన్నెడు అలసందలు. అలసందల్ని చూడగానే దేశంకాని దేశంలో మేనత్త ఎదురైనట్టయింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా. ఇక్కడ నేను అడక్కుండానే ఎవరి అమ్మలో వడ్డిస్తున్నారు. "దీన్నేమంటారు? ఇందులో ఏం వేశారు?" అని నేను అడగడం, వాళ్ళు మురిసిపోయి ఇంకో గరిటె వెయ్యడం. బల్ల చివరి పెద్దాయన్ని పిలిచి, "ఇక్కడ స్వీట్ టీ అయిపోయింది," అని కూడా చెప్పాను. పాపం, మోకాళ్ళు పట్టుకుని లేచి తెచ్చాడు.

ఇంతలో బల్ల మొదట్లో కూర్చున్న ముసలావిడ నన్ను దగ్గరికి పిలిచింది. పేరు ఎస్తర్. నా మనసులో అప్పుడే ఎస్తేరమ్మగారైపోయింది.

"ఎవరబ్బాయివి నాయనా?" అంది, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

హోటల్లో తండ్రి పేర్లు కూడా అడుగుతారన్నమాట! "సుబ్బారావుగారబ్బాయినండీ," అన్నాను గట్టిగా.

"సూ బరో?" ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. "అలిగి వెళ్ళిపోయిన నా మేనకోడలు సూ కొడుకా! ఇంట్లో బాగున్నారా?"

ఆ రణగొణధ్వనిలో నాకు చివరిమాటే వినపడింది. "బాగున్నారండీ. షుగరే కొంచెం ఎక్కువ."

ఆవిడ నా చెయ్యి వదల్లేదు. ఇంత ఆప్యాయతకి ఎంత టిప్ ఇవ్వాలో అని లోలోపలే లెక్కలు వేసుకున్నాను. తేల్చేసుకుందామని చెయ్యెత్తి, "బిల్, ప్లీజ్!" అన్నాను.

తలుపంత మనిషి ఒకాయన లేచి నిలబడ్డాడు. "ఏంటి, పిలిచావ్?"

"బిల్..."

"నేనే బిల్‌ని."

"ఎంతండీ?"

"ఏది ఎంత?"

"భోజనానికి."

బల్ల చుట్టూ తలలన్నీ నావైపు తిరిగాయి. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్?" ప్రణతి. "మన పేరు పిలిచేశారు!"

"హోటల్లోనే ఉన్నా. తింటున్నా."

"హోటల్లో ఉన్నది నేను! నువ్వు ఏ ఇంట్లో దూరావో చూసుకో!"

చూసుకున్నాను. గోడమీద గుడ్డ బ్యానర్: హ్యాపీ బర్త్‌డే, ఆంట్ ఎస్తర్.

అమ్మవారి జాతరలో గొర్రెలా తలవంచుకుని మొత్తం చెప్పాను. ఎస్తేరమ్మగారి ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. "అయితే సూ రాలేదా," అంది. నోటినిండా ఉన్న బెండకాయతోనే సారీ చెప్పాను.

అంతలో ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది! "బిల్లడిగాడర్రా!" అంటూ, కళ్ళు తుడుచుకుంటూ, "ఆ ఫోనిలా ఇవ్వండి. సూకి చెయ్యడానికి ఇన్నాళ్ళకి నాకో సాకు దొరికింది," అంది.

అవతల ఫోనెత్తారు. తర్వాత ఈవిడ కథ చెప్పడం. తర్వాత గదంతా వినపడేలా అవతలినుంచి ఒక నవ్వు. ఆ నవ్వు మధ్యలో ఇద్దరూ ఏడ్చేశారు కూడా.

ప్రణతిని బిల్ స్వయంగా వెళ్ళి తీసుకొచ్చాడు. ఆమె తింటున్నంతసేపూ నా వైపు చూడలేదు. వాళ్ళు మా ఇద్దరికీ వేరువేరుగా పొట్లాలు కట్టిచ్చారు.

ఆరోజే, తిన్న ఉప్పు సాక్షిగా, ప్రతిజ్ఞ చేశాను: అమెరికాలో ఏ భోజనశాలలోనూ ఇక బిల్లు అనే మాట ఎత్తను. అమెరికన్లలాగే 'చెక్' అంటాను. ఇంతవరకూ నిలబెట్టుకున్నాను. కాకపోతే అన్న ప్రతిసారీ, చక్ అనే పేరుగలవాడెవడైనా లేస్తాడేమోనని ముందు నాలుగు పక్కలా చూసుకుంటాను.