అంతియొకయలో పేరు లేని కొందరు

మా ఆదివారం ప్రార్థన సహవాసాన్ని తెలుగులోంచి ఇంగ్లీషులోకి మార్చేద్దామని సంఘ పెద్ద అన్న రోజు నాకు ఒళ్ళు మండింది. ఆయన చెడ్డవాడేం కాదు. వారమంతా వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, ఆదివారం మధ్యాహ్నం వచ్చి మాకు వాక్యం చెప్తాడు. ఈ పరాయి దేశంలో, డ్రోహెడా అనే ఊళ్ళో ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకుని కూడుకుంటాం మేము. నలభై మందిమి ఉంటాం. సగం మంది నర్సులే, మా అమ్మాయితో సహా. పిల్లలు మాత్రం లోపలికి రారు. కార్లలో కూర్చుని ఫోన్లు చూసుకుంటారు. బిర్యానీ గిన్నెల మూతలు తీసే వేళకి మటుకు ఎవరూ పిలవకుండానే వస్తారు.

"వాళ్ళకి తెలుగు వాక్యం ఒక్క ముక్క ఎక్కట్లేదండీ," అన్నాడాయన. "అన్నం తిను, పడుకో అంటే తెలుస్తుంది. కృప, రక్షణ అంటే తెలీదు. అందరూ ఆలోచించుకుని రండి. వచ్చే ఆదివారం చేతులెత్తించి తేల్చేద్దాం."

"మరి నాబోటి వాళ్ళం ఏం చెయ్యాలి? గోడలు చూస్తూ కూర్చోవాలా?" అన్నాను.

"మీకు చివర్లో సారాంశం తెలుగులో చెప్తాంలే ఆంటీ."

"ఆ సారాంశమేదో పిల్లలకే చెప్పుకోండి. నాకు మొత్తం కావాలి."

నా కోపానికి అసలు కారణం వేరే ఉంది. దాచుకోవడం దేనికి. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. మా ఊరి మిషన్ ఆసుపత్రిలో వార్డులు తుడిచేదాన్ని. రోగుల మంచాల దగ్గర వాక్యం చదివి వినిపించే అమ్మగారు ఒకావిడ ఉండేది. నేను చీపురు ఆపి వింటుంటే చూసి, మధ్యాహ్నాలు వరండాలో కూర్చోబెట్టి పలక మీద దిద్దించింది. కూడబలుక్కుని చదవడానికి రెండేళ్ళు పట్టింది. అంత కష్టపడి నేర్చుకున్నానా, ఇప్పుడీ దేశంలో నేను చదవగలిగే బోర్డు ఒక్కటి లేదు. బస్సు మీద రాసింది నాకు రాదు, మందు సీసా మీద రాసింది రాదు. నెలకోసారి ఆ హాల్లో లేచి నిలబడి, వరస తప్పకుండా వేలు పెట్టుకుని, ఆ వారం పాఠం చదివే వంతు నాది. నా చదువు పనికొచ్చేది ఆ ఒక్క చోటే. ఇంగ్లీషు వచ్చిందంటే అదీ పోతుంది.

ఊరికే పోనిచ్చే రకం కాదు నేను. మా మనవరాలు మెయ్‌నూత్ యూనివర్సిటీలో పాతకాలపు చరిత్ర చదువుతోంది. దానికి నా తెలుగు అర్థమవుతుంది గానీ, జవాబు మాత్రం ఈ ఊరి యాసలో ఇంగ్లీషులోనే వస్తుంది. నాకు అందనిది మా అమ్మాయి అందిస్తుంది. శుక్రవారం మనవరాలు ఇంటికి రాగానే వంటింట్లో పట్టుకున్నాను.

"మొదటి సంఘాలవాళ్ళు వాళ్ళ భాషని ఎట్లా నిలబెట్టుకున్నారో చెప్పవే. ఆదివారం వీళ్ళందరి నోళ్ళూ మూయించాలి."

ప్రెస్ అని వీళ్ళనే అల్మరా తలుపు తీసి బిస్కెట్ల కోసం వెతుకుతున్నదల్లా ఆగి, పకపకా నవ్వింది. ఏదో అంది.

"నిలబెట్టుకోలేదంటమ్మా," అంది మా అమ్మాయి.

ప్రభువు మాట్లాడింది అరామిక్ అనే భాషట. చేపలు పట్టేవాళ్ళూ, గొర్రెలు కాసేవాళ్ళూ మాట్లాడుకునే మాట. ఆయన తర్వాత వచ్చినవాళ్ళు ఉత్తరాలు రాసుకున్నదీ, ఆయన సంగతులు రాసిపెట్టిందీ గ్రీకులో. పండితుల గ్రీకు కూడా కాదు, రేవుల్లోనూ సంతల్లోనూ బేరాలాడుకునే గ్రీకు. ప్రభువు తెలుగులో మాట్లాడలేదని నాకు తెలుసు, నేనంత మొద్దుని కాను. కానీ ఆయన మాటలు ఆయన భాషలోనే ఎవరో రాసి, వాటిని బంగారంలా దాచి ఉంటారనుకున్నాను ఇన్నేళ్ళూ. మూడు నాలుగు మాటలు తప్ప మిగలనివ్వలేదట వాళ్ళు.

"అంత అన్యాయమా!" అన్నాను.

"అన్యాయం కాదు అమ్మమ్మా," అంది అది, ఈసారి తెలుగులోనే. "అట్లా చెయ్యకపోతే మన దాకా రాదు."

గ్రంథంలో ఫలానా చోట చూసుకో అని చెప్పి పడుకుంది. తెల్లారాక కళ్ళద్దాలు పెట్టుకుని, అది చెప్పిన చోటు తీసి చదువుకున్నాను. ఎన్నోసార్లు చదివిన చోటే. యెరూషలేములో ప్రభువుని నమ్మినవాళ్ళలో ఒకణ్ణి రాళ్ళతో కొట్టి చంపారు. మిగిలినవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తలా ఒక దిక్కుకి పారిపోయారు. పారిపోయిన చోట కూడా తమవాళ్ళతోనే చెప్పుకున్నారు, తమ మనుషులతోనే కూడుకున్నారు, మాలాగే. కుప్ర నుంచీ కురేనే నుంచీ వచ్చిన కొందరు మాత్రం అంతియొకయ పట్నంలో పక్కింటి గ్రీకువాళ్ళతో కూడా మాట్లాడారు. వాళ్ళని ఎవరూ పంపలేదు. ఏ పెద్దా చేతులుంచి ప్రార్థన చెయ్యలేదు. వాళ్ళ పేర్లు కూడా ఎవరూ రాసిపెట్టలేదు. ఏ చాకిరీ చేసుకునేవాళ్ళో, ఎవరింట్లో అద్దెకుండేవాళ్ళో. తల దాచుకోవడానికి వచ్చిన ఊళ్ళో, రేపటి కూటికి గ్యారంటీ లేని మనుషులు, ఎదుటివాడి భాషలో నోరు తెరిచారు. తప్పులు మాట్లాడే ఉంటారు. ఆ ఊరివాళ్ళు నవ్వే ఉంటారు. అయినా చెప్పారు. రాజులొచ్చి గుళ్ళు కట్టించింది ఎప్పటికో. మొదట ఆ వాక్యాన్ని మోసింది ఈ పేరు లేనివాళ్ళు. గొప్ప ప్రసంగాలు చేసినవాళ్ళ కంటే నాకు వాళ్ళే ఎక్కువ అనిపించారు ఆ పొద్దున. ఇప్పటికీ అంతే.

తర్వాత యెరూషలేములో పంచాయితీ పెట్టారు. కొత్తగా వచ్చినవాళ్ళు ముందు సున్నతి చేయించుకుని మనలాగా మారాలి, ఆ తర్వాతే మనలో చేర్చుకుందాం అని కొందరు పట్టుబట్టారు. ఆ కొందరిలో నేను కనపడ్డాను నాకు. అదే కూర్చున్న తీరు, అదే గొంతు. పెద్దలు మాత్రం వాళ్ళ మాట వినలేదు. వచ్చేవాళ్ళ నెత్తిన అంత బరువు పెట్టొద్దన్నారు.

ఆదివారం సంఘ పెద్ద నన్నే ముందు పిలిచాడు, గొడవేదో మొదట్లోనే అయిపోతే మంచిదని. "చెప్పండి ఆంటీ."

"ప్రభువు మాట్లాడిన భాషనే వదులుకున్నారు వాళ్ళు. నాది అంతకంటే గొప్పదా? మార్చేయండి," అని చెయ్యెత్తాను.

వెనక నుంచి ఎవరో, "ఆంటీకి జ్వరం గానీ తగిలిందా?" అన్నారు.

"జ్వరం కాదు, చదువు తగిలింది. నువ్వూ ఎత్తు."

అందరూ నవ్వారు, చేతులు లేచాయి. నేను సంతోషంగా ఎత్తానని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

ఇంగ్లీషు మొదలైన మొదటి ఆదివారం పిల్లల్ని తల్లులు రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చారు. చివరి వరసలో మూతులు ముడుచుకుని కూర్చున్నారు. సంఘ పెద్ద నా గౌరవార్థమేమో, అంతియొకయ సంగతే ఎత్తుకున్నాడు. నాకు నాలుగో వంతు అందింది. నా ఒళ్ళో గ్రంథం మూసే ఉంది. అది తెరవని ఆదివారం నాకు అదే మొదటిది.

మధ్యలో ఒక పిల్ల చెయ్యెత్తింది. పదిహేనేళ్ళుంటాయి, మా అమ్మాయితో పనిచేసే నర్సు కూతురు. వాక్యం మధ్యలో చెయ్యెత్తడం మాలో ఎప్పుడూ లేదు. సంఘ పెద్ద బిత్తరపోయాడు. మా అమ్మాయి నా చెవిలో చెప్పింది: "వాళ్ళకి డబ్బు లేదు, సైన్యం లేదు, కొట్టి చంపుతున్నారు కూడా. మరి జనం ఎందుకు చేరారు అని అడుగుతోంది."

"దేవుని చిత్తం," అని ఇంగ్లీషులో ఏదో అన్నాడాయన.

"గ్రాండ్. బట్ హౌ?" అంది ఆ పిల్ల. అది నాకు కూడా అర్థమైంది: బాగుంది, కానీ ఎట్లా అని.

ఆయన గ్రంథం పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. నేను లేచాను. "అంతియొకయ సంగతి నాకు తెలీదు, అక్కడ నేను లేను. మా అమ్మ సంగతి చెప్తాను. మా వాడకి వాక్యం తెచ్చినవాళ్ళు చాప పరిచి ఆమెని కూర్చోమన్నారు. అంతకు ముందు ఆమెని కూర్చోమన్నవాళ్ళు లేరు. వాళ్ళూ అదే చాప మీద కూర్చున్నారు. ఆమె తాగిన చెంబుతోనే నీళ్ళు తాగారు. వాళ్ళు చెప్పింది ఆమెకి సగం అర్థం కాలేదంట. చాప అర్థమైంది. ఆ అంతియొకయ కాలంలో బానిసలకి కూడా అట్లాగే అర్థమై ఉంటుంది."

మా అమ్మాయి వెంటనే ఇంగ్లీషు చెయ్యలేదు. ఈ సంగతి దానికీ ఎప్పుడూ చెప్పలేదు నేను. నా మొహంలోకి ఒకసారి చూసి, తర్వాత లేచి చెప్పింది. నా మాట దాని నోట్లో ఏమైందో నాకు తెలీదు. ఆ పిల్ల మాత్రం కళ్ళు తిప్పకుండా వింది. మళ్ళీ ఏదో అడిగింది.

"అంతకు ముందు ఎక్కడ నిలబడేదంటోందమ్మా," అంది మా అమ్మాయి.

"వాకిలి అవతల," అన్నాను. "ఎండలో."

ఆ రెండు మాటలూ మా అమ్మాయి ఇంగ్లీషు చేసింది. ఆ పిల్ల చివరి వరసలోంచి లేచొచ్చి, నా పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, ఇంకో ప్రశ్న అడిగింది.