చూపించు, నమ్ముతా

ల్యాబ్ మామయ్యకు దేవుడి మీద కోపమేమీ లేదు. కోపమల్లా బావ మీదే. ఆ బావ చెడ్డవాడు కాదు, వచ్చిన చిక్కంతా అదే. చెడ్డవాడైతే ఇరవై రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం ఆయన ఇంట్లో భోంచేసి, ఆయనతోనే గొంతు చించుకుని, చివరికి ఆయన చేత్తో పోసిన టీ తాగి ఇంటికి వెళ్ళే మనిషి ఎక్కడైనా ఉంటాడా?

ల్యాబ్ మామయ్యది స్కూల్లో సైన్సు ల్యాబు చూసుకునే పని. పాఠం చెప్పేది టీచర్లు. గాజు గొట్టాలు కడిగేది, యాసిడ్ సీసాలకు చీటీలు అంటించేది, మైక్రోస్కోపు అద్దాలు మెత్తటి గుడ్డతో తుడిచేది ఈయన. డిగ్రీ లేదు. అయితేనేం, టీచరు తప్పు చెబితే వెనక బల్ల దగ్గర నిలబడి గట్టిగా దగ్గేవాడు. ఆ దగ్గుకు కొత్త టీచర్లు హడలిపోయేవాళ్ళు. పిల్లలు పెట్టిన పేరు వీధిలోకి పాకి, అక్కడి నుంచి అక్కావాళ్ళ చర్చి సంఘంలోకి కూడా పాకింది. పెళ్ళి చేసుకోలేదు. నీకు తగ్గ పిల్ల ఎక్కడో ఉండే ఉంటుందిరా అని అక్క అంటే, "చూపించు, నమ్ముతా" అనేవాడు. దేన్ని గురించి అడిగినా ఆయన నోట్లోంచి వచ్చేది ఆ ఒక్క మాటే. దేవదూతలున్నారా? చూపించు, నమ్ముతా.

తల్లి పోయేనాటికి ఆయనకు తొమ్మిదేళ్ళు. పన్నెండేళ్ళు పెద్దదైన అక్కే అన్నం పెట్టి, తల దువ్వి పెంచింది. అందుకే ఆదివారం భోజనం అక్కింట్లో తప్పితే ఆయనకు ముద్ద దిగేది కాదు.

బావ వారమంతా కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఆదివారం అదే కొట్టు మీదున్న హాల్లో పాస్టరు. అరవై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మైకు, ఒక కీబోర్డు. గ్రంథంలో ఉన్న ప్రతి అక్షరమూ జరిగింది జరిగినట్టే అని ఆయన నమ్మకం. సృష్టి ఆరు రోజులంటే ఆరు రోజులే. భూమి వయసు ఆరువేల ఏళ్ళు, ఒక్క పూట అటూ ఇటూ లేదు.

"కోట్ల ఏళ్ళంటావు, నువ్వు చూశావా? అప్పుడు నువ్వున్నావా అక్కడ?" అనేవాడు బావ, చెయ్యి కడుక్కుంటూ.

"నువ్వున్నావా?"

"నేను లేను. ఉన్నవాడు రాయించాడు."

"ఇద్దరూ లేరు కదా, ఇప్పుడున్న కూర తినండి," అనేది అక్క.

ఇరవై రెండేళ్ళలో ల్యాబ్ మామయ్య ఒక్కసారి కూడా గెలవలేదు. నిజం లేక కాదు. బావకు కోపం రాదు, అదీ సంగతి. ఈయన కుర్చీలోంచి లేచి చేతులు ఊపేసరికి, ఆయన చిన్నగా నవ్వి "నీకోసం ప్రార్థన చేస్తాలే బావమరిదీ" అనేవాడు. అంతే, ఈయనకు ఒళ్ళు మండిపోయేది. ఇంటికి వెళ్ళి, చెప్పాల్సిన జవాబులన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకునేవాడు. బావ ఇలా అంటే నేనిలా అనాలి, ఆయన అలా అంటే నేనలా అనాలి. అలాంటి పుస్తకాలు పదకొండు నిండాయి. ఇంత తెలివైనవాడికి అంత చిన్నబుద్ధి ఎందుకో నన్నడగకండి.

ఆ అక్కాబావలకు ఒక్కడే కొడుకు. ఇరవై ఏడేళ్ళవాడు, పళ్ళ డాక్టర్లకు కట్టుడుపళ్ళు తయారుచేసే వర్క్‌షాపులో పని. ఆదివారం హాల్లో కీబోర్డు వాయించేదీ అతనే. పొద్దున్నే నాన్న పక్కన మోకరించి, సాయంత్రం మామయ్య మైక్రోస్కోపులో ఉల్లిపొర చూసి పెరిగినవాడు. ఇద్దరి మాటా విని, ఇద్దరికీ తల ఊపేవాడు. మామయ్యకు మాత్రం వాడంటే ప్రాణం.

ఒక బుధవారం స్కూలు విడిచాక మేనల్లుడు ల్యాబుకు వచ్చాడు. మామయ్య గాజు గొట్టాలు బోర్లిస్తున్నాడు. తనకు ఆడపిల్లల మీద మనసు పోదని, పదమూడేళ్ళప్పటి నుంచే ఆ సంగతి తెలుసని, ఇప్పుడొక మనిషి ఉన్నాడని, అతను మంచివాడని చెప్పాడు.

"నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు మామయ్యా. అమ్మకి నేనే చెప్తా. ఆదివారం కాదు, మామూలు రోజు, వంటింట్లో, ఆవిడొక్కతే ఉన్నప్పుడు. నాకు కొంచెం టైం కావాలి. అప్పటిదాకా నీ కడుపులో పెట్టుకో."

"నాకు చెప్పడమూ ఈ గోడకు చెప్పడమూ ఒకటేరా."

న్యాయం చెప్పుకోవాలి, ఆ రోజు మామయ్య ఒక్క చెడ్డమాట అనలేదు. ఇందులో తప్పేముందిరా అల్లుడూ, ప్రకృతిలో ఎన్ని రకాలు లేవు అన్నాడు. జంతువుల సంగతి చెప్పాడు, పక్షుల సంగతి చెప్పాడు. చెబుతూ చెబుతూనే అలమర తీసి పన్నెండో నోటుపుస్తకం బయటపెట్టాడు.

ఆ తర్వాత ఏడు నెలలు ఆయన కాలు నేల మీద నిలవలేదు. లోకంలో అంతమంది ఉండగా వాడు తననే నమ్ముకున్నాడు! లైబ్రరీలో కూర్చుని చదివాడు, కాగితాలు ప్రింటు తీయించాడు, ఫైలు రెండు వేళ్ళ మందమైంది. ఆదివారాలు బావ ఎదురుగా కూర్చుని లోపల్లోపలే నవ్వుకునేవాడు. అయినా ఆ ఏడు నెలలూ నోరు మెదపలేదు. మెదపకుండా ఇంకొక్క నెల ఉంటే సరిపోయేది.

ఏడాదికొకసారి ఆ హాల్లో ప్రశ్నల సభ పెడతారు. ఎవరైనా రావచ్చు, ఏదైనా అడగొచ్చు, పాస్టరు జవాబు చెబుతాడు. అడిగేది ఎప్పుడూ ల్యాబ్ మామయ్యే, నవ్వేది మిగతావాళ్ళు. ఆయన రాకపోతే సభ చప్పగా ఉంటుందని సంఘం పెద్దలే కబురు పంపేవాళ్ళు. ఆ ఏడాది పెద్దలు పట్టుబట్టి విషయం తామే తేల్చారు: మగవాడు మగవాణ్ణి కోరడం.

సభ రోజు పొద్దున్నే మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, ఈ ఒక్కసారికీ రాకు. వచ్చినా మాట్లాడకు. నేనక్కడే కీబోర్డు దగ్గర కూర్చోవాలి."

"నీ పేరెందుకు వస్తుందిరా? నేనేమైనా పిచ్చివాణ్ణా?"

నాలుగింటికి ఫైలు చంకలో పెట్టుకుని వెళ్ళాడు. వెళ్ళకుండా ఉండలేని మనిషి.

మొదటి అరగంట బాగానే వాదించాడు. ఇది రోగం కాదన్నాడు, ఎవరో నేర్పితే వచ్చేదీ కాదన్నాడు, కాగితాలు చదివి వినిపించాడు. బావ ఓపిగ్గా విని మైకు తీసుకున్నాడు.

"బావమరిదీ, కాగితం మీద ఏమైనా రాయొచ్చు. ఇది చెడుసావాసం వల్ల వచ్చేది, దేవుణ్ణి వదిలిన ఇళ్ళల్లో వచ్చేది. నువ్వెప్పుడూ నన్ను అడిగేమాట ఇవాళ నేనడుగుతా. వాక్యం వింటూ పెరిగినవాడు, మోకాళ్ళ మీద పెరిగినవాడు, ఒక్కణ్ణి చూపించు. చూపించు, నమ్ముతా."

హాలంతా ఘొల్లుమంది. చప్పట్లు. "ల్యాబ్ మామయ్య దగ్గర ఇవాళ సాంపిల్ లేనట్టుంది!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. మళ్ళీ నవ్వులు. మూడో వరసలో అక్క కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పాపం, ఆవిడ నవ్వింది తమ్ముడి అవస్థ చూసి. బావ అలవాటుగా, ప్రేమగానే, "నీకోసం ప్రార్థన చేస్తాలే" అన్నాడు.

ఇరవై రెండేళ్ళ మంట ఒక్కసారిగా నెత్తికెక్కింది.

"నీ ఇంట్లోనే ఉన్నాడు బావా! నీ పక్కన మోకరించి పెరిగినవాడే. వాణ్ణి ఎవరు చెడగొట్టారో చెప్పు!"

చెయ్యి దానంతటదే కీబోర్డు వైపు చాచుకుంది. చాచాక గానీ తానేం చేస్తున్నాడో ఆయనకు తెలియలేదు. తెలిసి చెయ్యి దించాడు. దించితే ఏం లాభం? అరవై తలలూ అప్పటికే అటు తిరిగాయి.

బావ మైకు కిందికి దించాడు. మొట్టమొదటిసారి ల్యాబ్ మామయ్య గెలిచాడు.

మేనల్లుడు కీబోర్డు స్విచ్చి ఆపాడు. ప్లగ్గు పీకి, వైరు ప్రతి వారం చుట్టినట్టే చేతికి చుట్టి, కొస దోపి, స్టాండు కింద పెట్టాడు. ఆ తర్వాత పక్క మెట్ల మీదుగా దిగి వెళ్ళిపోయాడు. "నాన్నా, ఆగు నాన్నా" అంటూ అక్క లేచింది గానీ కుర్చీల మధ్య దారి దొరకలేదు. ఆవిడ ఇంటికి చేరేసరికి బీరువాలో వాడి బట్టలు సగం లేవు.

మర్నాడు పెద్దలు కూర్చుని తీర్మానం చేశారు. పై ఆదివారం దాన్ని చదవాల్సింది పాస్టరే. "మన సంఘంలో ఒక సభ్యుణ్ణి కొంతకాలం ప్రభువు బల్లకు దూరంగా ఉంచుతున్నాం," అని చదివాడు. అంటే ఆ సభ్యుడికి ఇక రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరన్నమాట. పేరు కూడా చదవండి అన్నాడొకాయన. "తెలిసినవాళ్ళకు తెలుసు, కూర్చో," అన్నాడు బావ. ఆ గొంతు ఎవరూ ఎప్పుడూ వినలేదు. కొడుకుకు మాత్రం ఒకే కబురు పంపాడు: మనసు మార్చుకుని రా, తలుపు తీసే ఉంది. అది తలుపు తీయడం అవుతుందా అని ఆయన్ను అడిగే ధైర్యం ఎవరికుంది? అడిగే మనిషి ఒకడుండేవాడు, ఆ ల్యాబ్ మామయ్యకిప్పుడు ముఖం చెల్లదు.

పది రోజులు చూసి ల్యాబ్ మామయ్య వర్క్‌షాపుకు వెళ్ళాడు. మేనల్లుడు తిరిగే చక్రం ముందు కూర్చుని పళ్ళ సెట్టుకు నునుపు పెడుతున్నాడు. గులాబీరంగు పొడి చేతుల నిండా ఉంది. స్టూలు చూపించాడు.

"నేను నీ తరఫునే మాట్లాడానురా," అన్నాడు మామయ్య.

"తెలుసు."

"నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం ఉందా? నువ్వే చెప్పు."

"లేదు మామయ్యా. అంతా నిజమే. నాన్న చెప్పిందే అబద్ధం." చక్రం ఆపాడు. "కానీ నాన్న నా పేరు చదవలేదట. అమ్మకి ఎలా చెప్పాలో నాలుగు ముక్కలు రాసుకున్నా, తెలుసా? ఆర్నెల్లు దిద్దుకున్నా, ఇంకో నెలలో చెప్పేసేవాణ్ణి. మొదటి ముక్క 'అమ్మా, భయపడకు' అని. ఇప్పుడు వాటితో నాకేం పని?"

"తప్పైపోయిందిరా. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా," అంటూ స్టూలు మీంచి కిందికి జారాడు మామయ్య.

"వద్దు మామయ్యా, లే. ఇక్కడ అందరూ చూస్తారు. అందరూ చూడటం నాకు ఒక్కసారికే చాలు."

మళ్ళీ చక్రం తిప్పాడు. ఆ చప్పుడులో మామయ్య ఇంకేమన్నాడో వినిపించలేదు. ఇంకోసారి వెళ్ళేసరికి ఆ బల్ల దగ్గర వేరే మనిషి ఉన్నాడు. మీవాడు వేరే ఊళ్ళో పని చూసుకున్నాడు, ఏ ఊరో చెప్పొద్దన్నాడు అని యజమాని తల వంచుకుని చెప్పాడు. ఫోను నంబరు మారిపోయింది.

ఆదివారం భోజనం మాత్రం ఆగలేదు. రావద్దని అక్క అనలేదు. అని ఉంటే బావుండేది. కంచాలు నాలుగు కాదు, మూడే. బావ నాలుగు ముద్దలు తిని లోపలికి వెళ్ళిపోయేవాడు. భూమి వయసెంతైనా ఇద్దరికీ పట్టలేదు.

నాలుగో నెలలో ఒక ఆదివారం, బావ లేచి వెళ్ళాక, అక్క చెయ్యి కూడా కడుక్కోకుండా తమ్ముడి ఎదురుగా కూర్చుంది.

"నాకు చెప్పుంటే నేనేమనేదాన్నో నాకే తెలీదురా. అరిచేదాన్నేమో. ఏడ్చి, తర్వాత వాణ్ణి దగ్గరికి తీసుకునేదాన్నేమో. ఆ రోజంటూ నాకు లేకుండా పోయింది. నిన్ను తిట్టట్లేదు. ఒక్కటి చెప్పు. వాడు నీకు చెప్పినప్పుడు ఎలా చెప్పాడు? ఏడ్చాడా?"

ల్యాబ్ మామయ్య నోరు తెరిచాడు.

"నవ్వుతూ చెప్పాడా? చేతులు వణికాయా? చిన్నప్పుడు తప్పు చేస్తే చొక్కా గుండీ తిప్పుకుంటూ చెప్పేవాడు. అలా చెప్పాడా? ఎక్కడ కూర్చున్నాడు? నువ్వొక్కడివే విన్నావు కదరా, ఆ మాట. వాడి నోట్లోంచి. నాకు చెప్పు."

ఆయనకు తాను అన్నవన్నీ గుర్తున్నాయి. జంతువుల సంగతి, పక్షుల సంగతి, ఏది ముందు చెప్పాడో ఏది తర్వాతో కూడా. మేనల్లుడు చెబుతుండగానే, ఇది బావ వింటే ఏమంటాడు, దానికి తానేమనాలి అని వరసగా తట్టినవి గుర్తున్నాయి. దొరికింది, ఇన్నాళ్ళకు దొరికింది అని గుండె ఎగిరింది కూడా గుర్తుంది. ఇంటికి పరిగెత్తి ఆ పన్నెండో నోటుపుస్తకం తెచ్చాడు. అక్క కళ్ళద్దాలు పెట్టుకుని ఆ బుధవారం పేజీ మొత్తం చదివింది. బావ ఇలా అంటే నేనిలా అనాలి. ఆయన అలా అంటే నేనలా అనాలి.

"ఇందులో వాడేడిరా?" అంది.

ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని వెతికాడు. ల్యాబు కనబడింది, బోర్లించిన గాజు గొట్టాలు కనబడ్డాయి. వాడు ఆ రోజు నిలబడి చెప్పాడో, కూర్చుని చెప్పాడో ఎంత వెతికినా గుర్తురాలేదు.