హెబ్రోను గారి వెనక నడక

హెబ్రోను గారి కుటుంబం నడిచే తీరును ఇందుకూరుపేట జనం మొదట నవ్వుతూ చూశారు, తర్వాత అలవాటుపడ్డారు, చివరికి కొత్తవాళ్లకు ఊరి విశేషంలా చూపించారు. ముందు హెబ్రోను గారు, వెనక భార్య ఎలిశబెతమ్మ, ఆమె వెనక కూతురు కెజియా. మైపాడు బీచిలో అంత ఇసుక ఉన్నా ముగ్గురికీ కలిపి ఒక్క మనిషి అడుగుజాడలే మిగిలేవి. ఆయన అడుగు పడిన చోటే వాళ్ల అడుగు పడాలి. అది ఆ ఇంటి రాజ్యాంగం. సవరణలకు తావు లేదు.

"ఏంది సుబేదారా, పెండ్లాం బిడ్డను బాతుల మాదిరి తోలుకపోతాండావు?" అని పొరుగింటి సుశీల్ కుమార్ ఎకసెక్కం చేస్తే, "బాతులు చెప్పిన మాట యినవబ్బా" అని ఆయన గంభీరంగా సెలవిచ్చేవారు.

ఆయన సైన్యంలో ఇంజనీర్ల దళంలో పనిచేసి సుబేదారుగా రిటైరయ్యారు. వంతెనలు కట్టడం, సరిహద్దు నేలలో పాతిన మందుపాతరలు వెతికి తీయడం ఆ దళం పని. తర్వాత ముత్తుకూరు దగ్గర ఒక థర్మల్ ప్లాంటులో సివిల్ ఇంజనీరుగా చేరారు. అక్కడ తనిఖీకొచ్చిన పెద్ద అధికారులు కూడా పునాదుల గుంటల మధ్య ఆయన వెనక బడిపిల్లల్లా వరుసకట్టారు. ఎందుకని అడిగే సాహసం ఎవరూ చేయలేదు.

ఇంకొక నియమాన్ని గమనించినవాళ్లు తక్కువ. "జరుగు" అనే మాట ఆయన నోట రాదు. బస్సులో సగం సీటు ఖాళీగా ఉన్నా నిలబడేవారు. చర్చిలో మహాకాయులు బల్ల చివర ఆక్రమించుకుంటే, ప్రసంగం ముగిసేదాకా గోడకు ఆనుకొని ఉండేవారు. సంఘం దాన్ని భక్తి కింద జమకట్టింది. ఎలిశబెతమ్మ నిద్రలో అడ్డం తిరిగితే, మిగిలిన జానెడు చోటులోనే పడుకొనేవారు.

కారణం ఆమెకొక్కతెకే చెప్పారు, పెళ్లయిన కొత్తలో. ఒక ఉదయం, మందుపాతరలు తీసేసిన సన్నటి దారిలో ఆయన బరువు మోసుకొని వస్తున్నారు. ఎదురుగా గణేష్, కావలి ఊరివాడు, ఆ దళంలో ఆయనతో తెలుగు మాట్లాడే ఏకైక నేస్తం. మనం బస్సులో అన్నట్టే ఈయన, "కొంచెం జరుగన్నా" అన్నారు. గణేష్ మర్యాదస్తుడు. ఎందుకని అడగకుండా ఆ దారి దిగి పక్కకు జరిగాడు.

"శబ్దం గూడా గుర్తులేదు నాకు. జరిగే ముందు నవ్వినాడు. అదే గుర్తుండాది," అన్నారట.

ఆ తర్వాత జీవితమంతా ఆయన తనవాళ్లకు ముందు నడిచారు. కెజియా పెళ్లిలో తండ్రి పక్కన నడవాలని పాస్టరు ఆండ్రూ గారు ఎంత చెప్పినా వినలేదు. పెళ్లికూతురు తండ్రి వీపు చూసుకుంటూ వరుడి దగ్గరికి చేరింది.

పోయిన ఏడాది గుండెపోటుతో ఆయన పోయారు. సమాధుల తోటకు వెళ్లేటప్పుడు చిక్కు రాలేదు. శవపెట్టె ముందుంది, ఎలిశబెతమ్మ వెనక నడిచింది. ఆయన అప్పటికీ డ్యూటీలోనే ఉన్నారు. తిరిగి రావాల్సినప్పుడు ముందు ఎవరూ లేరు. ఆమె మట్టికుప్ప దగ్గరే నిలబడిపోయింది. కెజియా ఎత్తుకున్నంత పనిచేసి ఆటో ఎక్కించింది. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు ఆమె తోట గేటు దాకా వచ్చి, లోపలి ఇసుకను చూసి వెనుదిరిగింది.

"ఆయన ఆడ ఒంటిగా ఉండాడు. పోవాలనే ఉండాది, కాలు లెయ్యదే," అని ఏడ్చేది.

ఏడాది ప్రార్థన రోజున మళ్లీ గేటు దగ్గర ఆగింది. వెనక సంఘం వాళ్లం అందరం ఆగాం.

"నేను ముందు నడుస్తానమ్మా," అన్నారు భారీకాయులైన ఆండ్రూ గారు.

"మీది ఏనుగడుగు అయ్యగారూ, నాకందదు."

కెజియా ముందుకొచ్చి, ఇసుక అంచున తానూ ఆగిపోయింది. "నాకూ ఎవురో ఒకరు ముందుండాల మా," అంది సిగ్గుపడుతూ.

గేటు ఇరుకు. దారి చేసుకోబోతూ పాస్టరు గారు, పాపం, ఏమీ తెలియక, కెజియాతో "కొంచెం జరుగు తల్లీ," అన్నారు.

ఎలిశబెతమ్మ చటుక్కున కూతురి చెయ్యి పట్టుకొని అక్కడే నిలిపేసింది. కాసేపటికి ఆ చెయ్యి వదిలి, ముందున్న ఖాళీ ఇసుక వైపు చూస్తూ, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఏమండీ, ఇంక చాలు. ఇన్నేండ్లు మీరే ముందు పోయినారు. ఇయ్యాళ నేను పోతాండా. మీరు నా ఎనక రాండి."

చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "పల్లేరుకాయలుండాయి, చూసి రాండి," అని గదమాయించింది. అది మాలో ఎవరితోనూ కాదు.

ఆమె వెనకే అడుగు వేయబోయిన ఆండ్రూ గారు, చనిపోయినవారు భూమ్మీద తిరగరని ఏటేటా ప్రసంగించే మనిషి, గేటుకు ఒత్తుకొని నిలబడి, ఇంకొక మనిషి దాటేంత సేపు ఆగారు.